మచ్చలు పోయాయంటే వైట్ స్పాట్ పోయినట్టేనా?

ఇంట్లో అక్వేరియం పెట్టినవాళ్ళలో వైట్ స్పాట్ అనే చేపల జబ్బు చూడనివాళ్ళు చాలా తక్కువ. కొత్త చేపలు తెచ్చి వేసిన వారంలోపో, డిసెంబర్ చలి మొదలైన నాలుగైదు రోజులకో చేప ఒంటి మీద, రెక్కల మీద, తోక మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. షాపుకి పరిగెడితే ఒక చిన్న బాటిల్ చేతిలో పెడతారు, ఇంటికొచ్చి రెండు మూడు రోజులు చుక్కలు లెక్కపెట్టి వేస్తారు, మచ్చలు పోతాయి, హమ్మయ్య అనుకుని మందు ఆపేస్తారు, ఇంకో వారం తిరక్కుండానే ముందుకంటే ఎక్కువ మచ్చలతో ట్యాంక్‌లో సగం చేపలు మూలకి చేరి ఊపిరి కోసం కొట్టుకుంటుంటాయి. అప్పుడు మందు నకిలీదని షాపువాణ్ణి తిట్టుకోవడం, ఇంకో బాటిల్ కొనడం. చాలా సందర్భాల్లో మందులో లోపమేం ఉండదు, ఆపిన రోజులోనే ఉంటుంది అసలు లోపమంతా.

ఇది అర్థం కావాలంటే ఆ తెల్ల చుక్క ఏంటో తెలియాలి. అది ఫంగస్ కాదు, బాక్టీరియా కాదు, ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ జీవి. ఫ్రాన్స్‌లో ఫూకే అనే ఆయన 1876లో దానికి ఆ పేరు పెట్టాడు, నోరు తిరగదు కాబట్టి ప్రపంచమంతా ఇక్ అని పిలుస్తారు. ఒళ్ళంతా సన్నటి నూగు ఉంటుంది, దాన్ని ఆడించుకుంటూ నీళ్ళలో ఈదుతుంది. మనకి కనిపించే ఒక్కో చుక్కలో అది చేప చర్మం పైపొర కింద దూరి, అక్కడి కణాల్ని తింటూ బలుస్తూ ఉంటుంది, ఒక మిల్లీమీటర్ దాకా పెరగ్గలదు. అంటే చుక్క చేప మీద లేదు, చేప లోపల ఉంది. పైన చేప చర్మమే దానికి కప్పు, ఆ పైన జిగురు. నీళ్ళలో వేసిన మందు ఆ కప్పు దాటి దాన్ని చంపేంతగా లోపలికి పోదు, పోయేంత డోసు వేస్తే ముందు చేప చస్తుంది.

ఈ చేప లోపలుండే దశ పేరు ట్రోఫాంట్. కడుపు నిండాక అది చర్మం చీల్చుకుని బయటికి వచ్చి, నీళ్ళలో కాసేపు తిరిగి, అడుగున గులకరాళ్ళకో, మొక్క ఆకుకో, ఫిల్టర్ స్పాంజ్‌కో, అద్దానికో అతుక్కుని చుట్టూ జిగట గూడు కట్టుకుంటుంది. ఇప్పుడు దాని పేరు టోమాంట్. ఆ గూట్లో కూర్చుని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుకుంటూ పోతుంది, కొన్ని వందల పిల్లలు, ఒక్కోసారి వెయ్యి దాకా. నీళ్ళు వెచ్చగా ఉంటే దీనికి ఒక రోజు చాలు. ఆ గూటి గోడ కూడా మందుని అంత తేలిగ్గా రానివ్వదు. తర్వాత గూడు పగిలి ఆ పిల్లలన్నీ బయటపడతాయి, వీటిని థెరాంట్లు అంటారు, కంటికి అస్సలు కనపడవు, ఒకటి రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. చేప దొరికితే చర్మంలోకి దూరి మళ్ళీ మొదటికి.

మందు పనిచేసేది ఈ చివరి దశ మీద ఒక్కటే. చేపలో ఉన్నదాన్ని కాదు, గూట్లో ఉన్నదాన్ని కాదు, గూడు వదిలి చేపని వెతుక్కుంటూ తిరిగే ఆ కొద్ది గంటల్లోనే చంపాలి. ట్యాంక్‌లో ఉన్న ఇక్ అంతా ఒకే దశలో ఉండదు కాబట్టి ఒక్కసారి ఎంత గట్టి మందు కొట్టినా ఉపయోగం లేదు, ఆ రోజు చేప లోపల, గూట్లో దాక్కున్నవన్నీ బతికే ఉంటాయి. ఒక్కొక్కటీ బయటికి వచ్చేదాకా నీళ్ళలో మందు ఉండాలి. అందుకే వైట్ స్పాట్ ట్రీట్‌మెంట్ అంటే చేపకి వైద్యం అనుకోకూడదు, నీళ్ళకి కాపలా అనుకోవాలి.

ఇలా చూస్తే అందరినీ కంగారు పెట్టే రెండు విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి. మొదటిది, మందు మొదలుపెట్టిన తర్వాత రెండు మూడు రోజులు మచ్చలు తగ్గకపోగా పెరుగుతాయి. అప్పటికే చర్మంలో దూరి కంటికి కనపడనంత చిన్నగా ఉన్నవి ఈ రోజుల్లో పెరిగి పైకి తేలతాయి, అంతే. ఇక్కడే చాలామంది డోసు డబుల్ చేస్తారు, లేదా మందు మార్చి పాత మందు మీద కొత్త మందు పోస్తారు, చేపలు జబ్బుతో కాకుండా మందుతో పోతాయి. రెండోది, తర్వాత ఒకరోజు పొద్దున చూస్తే మచ్చలన్నీ మాయం. అవి చావలేదు, పండి రాలిపోయాయి. ఇప్పుడు గులకరాళ్ళలో కూర్చుని పిల్లల్ని చేస్తున్నాయి. ఒక చేప మీద ఇరవై మచ్చలు ఉన్నాయనుకుందాం, ఒక్కోటి ఐదొందలు పెట్టినా పదివేలు. మామూలు ఇంటి ట్యాంక్‌లో, యాభై లీటర్ల నీళ్ళలో, పారిపోయే దారి లేని చేపల మధ్య పదివేలు. వాగులోనో చెరువులోనో అయితే అందులో చాలావరకు చేప దొరక్క పోతాయి, గాజు పెట్టెలో దొరక్కపోవడం అనేది ఉండదు. మచ్చలు పోయిన రోజు నిజానికి ట్యాంక్ అన్నిటికంటే ప్రమాదంగా ఉన్న రోజు, సరిగ్గా ఆ రోజే మందు ఆపుతారు.

మరి ఎన్ని రోజులు వెయ్యాలి అన్నది నీళ్ళ వేడిని బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఈ మొత్తం చక్రం వారం లోపే పూర్తవుతుంది, 15 డిగ్రీలకి వస్తే రెండు వారాల దాకా పట్టొచ్చు, 10 డిగ్రీల్లో నెల దాటుతుంది. 26 - 28 డిగ్రీల ట్యాంక్‌లో మొత్తం పది నుంచి పద్నాలుగు రోజులు, అందులో చివరి మచ్చ పోయాక కనీసం ఐదారు రోజులు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. హైదరాబాద్ చలికాలంలో హీటర్ లేని ట్యాంక్ 20 డిగ్రీల దగ్గర ఉందంటే మూడు వారాలు కూడా ఎక్కువేం కాదు. బాటిల్ మీద మూడు రోజులు అని రాసుంటే ఆ మూడు రోజులు ఏ వేడిలో అనేది చాలాసార్లు రాసి ఉండదు, అదే గొడవ.

వేడి పెంచి ట్రీట్ చేయడం అనే పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. నీళ్ళు వెచ్చబడితే చక్రం త్వరగా తిరుగుతుంది, దాక్కున్నవి త్వరగా బయటికి వస్తాయి, 30 డిగ్రీలు దాటితే చాలా రకాల ఇక్‌కి సంతానం సరిగ్గా కాదు. ఇంత వేడిని కూడా తట్టుకునే రకాలు కొన్నిచోట్ల బయటపడ్డాయి కాబట్టి ఇది నూటికి నూరు పాళ్ళు గ్యారంటీ అని చెప్పలేం, అయినా చాలా ఇళ్ళలో దీంతోనే పని అయిపోతుంది. హీటర్ పెట్టి గంటకి ఒక డిగ్రీ కంటే ఎక్కువ పెరక్కుండా, వీలైతే రోజంతా తీసుకుని నెమ్మదిగా 30కి తెచ్చి పది రోజులు పైన ఉంచాలి. ఏంజెల్, గౌరామి, బెట్టా, మాలీ, డిస్కస్ లాంటివి దీన్ని తట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్ళే ఇష్టం, దాన్ని అన్ని రోజులు 30లో ఉంచడం హింసే, కోరిడోరాస్ కూడా అంతే. ఇంకోటి, వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, 25 డిగ్రీల్లో లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాములు పడితే 30లో 7.6 దగ్గర ఆగిపోతుంది. వినడానికి చిన్న తేడానే, కానీ వైట్ స్పాట్ ముందు పట్టేది మొప్పల్నే కాబట్టి మొప్పలు సగం చెడిన చేపకి అది చిన్న తేడా కాదు. హీటర్ పెట్టినప్పుడు గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఒకటి అదనంగా వెయ్యాల్సిందే. కరెంటు పోయే ఊళ్ళలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండటం మంచిది, మందు డబ్బాల కంటే అదే ఎక్కువ చేపల్ని కాపాడుతుంది. హీటర్ ఆన్‌లో ఉండగా నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు, నీళ్ళు తీసేటప్పుడు కూడా ముందు ప్లగ్ పీకెయ్యాలి, నీళ్ళు దిగిపోయి గొట్టం బయటపడితే గాజు పగులుతుంది.

మన దగ్గర ఈ జబ్బుకి సీజన్ ఉండటానికి కారణం కూడా ఇదే. మే నెలలో విజయవాడలో మామూలు గదిలో పెట్టిన ట్యాంక్ దానంతటదే 31, 32 డిగ్రీలకి పోతుంది, హీటర్ అక్కర్లేదు, ఎండే ట్రీట్‌మెంట్. వానలు పడి వాతావరణం ఒక్కసారిగా చల్లబడినప్పుడు, మళ్ళీ డిసెంబర్, జనవరిల్లో తెలంగాణ వైపు రాత్రి చలి బాగా దిగినప్పుడు చేపల రోగనిరోధక శక్తి పడిపోతుంది, అప్పుడు పట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ బెడ్‌రూమ్‌లో పెట్టిన పది లీటర్ల చిన్న ట్యాంక్‌కి మాత్రం సీజన్‌తో పనిలేదు, పగలంతా వేడెక్కి రాత్రి ఏసీ గాలికి చల్లారుతూ ఏడాది పొడవునా ఊగుతూనే ఉంటుంది. చలి జబ్బుని పుట్టించదు గానీ చేపని బలహీనం చేస్తుంది, పరాన్నజీవి ఎలాగూ బయటి నుంచి రావాల్సిందే.

ఈ చివరి మాట దగ్గర ఒక పాత నమ్మకం అడ్డం వస్తుంది, ఇక్ ప్రతి ట్యాంక్‌లోనూ ఎప్పుడూ ఉంటుంది, చేప నీరసపడితే బయటపడుతుంది అని. ఇది సరికాదు. చేప లేకుండా అది బతకలేదు, ఏళ్ళ తరబడి నిద్రపోయే విత్తనం లాంటి దశ దానికి లేదు, ఎండబెడితే చస్తుంది. కానీ ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఒకసారి జబ్బు వచ్చి బతికిన చేపకి దాని మీద కొంత రోగనిరోధక శక్తి వస్తుంది, అలాంటి చేప మొప్పల్లో ఒకటీ అరా పరాన్నజీవులు ఎవరికీ తెలియకుండా చక్రం తిప్పుకుంటూ ఉండొచ్చు, పైకి మచ్చ కనపడదు. ఆ ట్యాంక్‌లో కొత్త చేపని వేస్తే దానికి ఆ శక్తి లేదు కాబట్టి నాలుగు రోజుల్లో ఒళ్ళంతా మచ్చలు, షాపు నుంచే జబ్బు తెచ్చిందని దాని మీద నింద. సగం సార్లు నిజమే అనుకోండి, కానీ సగం సార్లు మన పాత చేపే దానికి అంటించి ఉంటుంది.

షాపుల సంగతి వేరే చెప్పాలి. మన వైపు షాపుల్లో కనిపించే రంగు చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు వైపు నుంచో కోల్‌కతా నుంచో పాలిథీన్ సంచుల్లో ఆక్సిజన్ నింపి వస్తాయి. సంచిలో గంటల తరబడి ప్రయాణం, దిగగానే వేరే నీళ్ళు, వేరే వేడి, పక్కన వేరే ఊరి చేపలు, ఒకే నెట్‌తో ఈ ట్యాంక్ నుంచి ఆ ట్యాంక్‌కి మార్చడం. అలసిపోయిన చేపకి వైట్ స్పాట్ పట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. షాపు ట్యాంక్‌లో ఒక చేప మీద రెండు చుక్కలు కనిపించినా ఆ ట్యాంక్‌లో మంచిగా ఉన్న చేపని కూడా కొనొద్దు. చేపలు రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నా, రెక్కలు ముడుచుకుని ఉన్నా అదే మాట.

గుర్తుపట్టడంలో కూడా కొంచెం జాగ్రత్త కావాలి. మగ గోల్డ్ ఫిష్‌కి సంతానోత్పత్తి సమయంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు మీద తెల్లటి చుక్కలు వరసగా వస్తాయి, అది జబ్బు కాదు, పెళ్ళికొడుకు ముస్తాబు, దానికి మందు పోసి చంపిన వాళ్ళు ఉంటారు. చుక్కలు కాకుండా బంగారు పొడి రాసినట్టు సన్నటి పూత ఉంటే అది వెల్వెట్, వేరే పరాన్నజీవి. దూదిలాగా ఉంటే ఫంగస్. తెల్లటి మరకలు, పెదాల దగ్గర తెల్లబడటం అయితే ఎక్కువగా బాక్టీరియా. రెక్క మీద పెద్ద కాలీఫ్లవర్ ముక్కలా ఒకే గడ్డ ఉండి వారాల తరబడి కదలకపోతే లింఫోసిస్టిస్ అనే వైరస్, దానికి మందు లేదు, చాలాసార్లు అదే పోతుంది. ఇక్ చుక్కలు మాత్రం రోజు రోజుకీ చోటు, సంఖ్య మారుతుంటాయి. ఒక్క చుక్కా లేకుండా కూడా చేపలు ఇక్‌తో చావొచ్చు, జబ్బు మొప్పల్లోనే ఉండి ఒంటి మీదికి రాకముందే. అన్ని చేపలూ పైకొచ్చి గుటకలు వేస్తూ, అమోనియా (చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో చేరే విషం) టెస్ట్ బాగానే ఉంటే దీన్ని అనుమానించాలి.

గోదావరి జిల్లాలు, నెల్లూరు వైపు వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. అక్కడ వైట్ స్పాట్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రొయ్యల చెరువు. 1990ల మధ్యలో తూర్పు తీరంలో రొయ్యల సాగుని కుదిపేసిన వైట్ స్పాట్ ఒక వైరస్, రొయ్య పెంకు మీద మచ్చలు, రోజుల్లో చెరువు ఖాళీ, దానికి ఇప్పటికీ మందు లేదు. ఇంట్లో చేపకి వచ్చేదానికి దానికి ఏ చుట్టరికమూ లేదు, పేరొక్కటే. కాబట్టి ఆక్వా షాపుకి పోయి వైట్ స్పాట్‌కి ఏమైనా ఇవ్వండి అంటే చెరువుకి వేసే శానిటైజర్ ఏదో ఇస్తే అది నలభై లీటర్ల ట్యాంక్‌లో పొయ్యకండి, ఎకరాలకి లెక్క కట్టిన సరుకు అది. సముద్రపు చేపల ట్యాంక్‌లో వచ్చే తెల్లమచ్చ కూడా వేరే జీవి, క్రిప్టోకార్యాన్, దాని లెక్కలు దానివి.

ఇక మందుల దగ్గరికి. అన్నిటికంటే చవక, అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉప్పు. లీటరుకి రెండు గ్రాముల చొప్పున, గట్టి చేపలకి మూడు దాకా. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్ లెక్కకి 56 లీటర్లు, కానీ రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండే నీళ్ళు 45 దగ్గరే, అంటే 90 గ్రాములు. రాళ్ళుప్పు చాలు, అయోడిన్ ఉప్పు తప్ప ఇంట్లో ఇంకేం లేకపోతే అదైనా పరవాలేదు, అందులో అయోడిన్ అంత తక్కువ. ఒకేసారి పొయ్యకుండా ట్యాంక్ నీళ్ళే మగ్గులో తీసి కరిగించి ఒకటిన్నర రోజులో మూడు విడతలుగా వెయ్యాలి. థెరాంట్ ఒంట్లో నీటి బ్యాలెన్స్‌ని ఉప్పు దెబ్బతీస్తుంది, అదే సమయంలో చిల్లులు పడిన చర్మంతో ఒంట్లోకి నీళ్ళు దూరిపోతూ అవస్థ పడే చేపకి ఆ భారం తగ్గిస్తుంది, ఇలా రెండు వైపులా పనిచేసేది ఇదొక్కటే. ఒక చిన్న లెక్క తప్పుతుంటారు, ఉప్పు ఆవిరవదు. ఆవిరైన నీళ్ళ బదులు పోసేటప్పుడు ఉప్పు కలపకూడదు, తీసేసిన నీళ్ళ బదులు పోసేటప్పుడు మాత్రం ఆ నీళ్ళకి సరిపడా కలపాలి. గప్పీలు, మాలీలకి ఉప్పు ఇష్టమే, లోచ్‌లు, కోరిడోరాస్‌కి సగంతో మొదలుపెట్టి చూడాలి, వాలిస్నేరియా, కబోంబా లాంటి మెత్తటి మొక్కలు వాడిపోతాయి.

తీవ్రంగా ఉంటే మలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు మందు, ఒక్కటే గానీ ఫార్మలిన్‌తో కలిపి గానీ. దశాబ్దాలుగా ప్రపంచమంతా ఇక్ మీద గట్టిగా పనిచేసిన జోడీ ఇదే, షాపులో యాంటీ ఇక్ పేరుతో దొరికే బాటిళ్ళలో చాలావాటిలో ఉండేది ఇవే. బాటిల్ మీద చెప్పిన డోసే వెయ్యాలి, అదీ నిజంగా ఉన్న నీళ్ళకి లెక్కకట్టి, ట్యాంక్ అమ్మినవాడు చెప్పిన లీటర్లకి కాదు. పొలుసుల్లేని లోచ్‌లు, క్యాట్‌ఫిష్‌లు, చిన్న టెట్రాలు ఉంటే సగం డోసు. మలకైట్ గ్రీన్ వెలుతురుకి విరిగిపోతుంది, ట్యాంక్ లైటు ఆర్పేయాలి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసెయ్యాలి, లేకపోతే మనం వేసిన మందంతా అదే పీల్చేసుకుని కూర్చుంటుంది, యూవీ లైటు ఉన్నవాళ్ళు అదీ ఆపాలి. ఫార్మలిన్ నీళ్ళలో ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి వేడి 30కి పెంచి దాని మీద ఫార్మలిన్ వెయ్యడం మంచిది కాదు, రెండింట్లో ఒకటి పట్టుకోవాలి. పాత ఫార్మలిన్ సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంటే పారెయ్యండి, అది చేపకి ఇంకా విషం. ఈ రెండూ మనుషులకి కూడా మంచివి కావు, చేతికి గ్లౌజులు, పిల్లలకి దూరంగా. తినే చేపల్లో మలకైట్ గ్రీన్ వాడకం మన దేశంలోనూ నిషేధమే, కాబట్టి పెరటి తొట్టిలో కూరకని పెంచుతున్న కొర్రమీనుకి ఇది వెయ్యకూడదు.

కాపర్ సల్ఫేట్ (మైలుతుత్తం) గురించి ఒక్క మాట, ఇంట్లో వద్దు. చెరువుల్లో వాడతారు నిజమే, కానీ దాని విషం ఎంత అనేది నీళ్ళ ఆల్కలినిటీని (నీళ్ళలో కరిగిన కార్బొనేట్ లాంటి లవణాల మోతాదుని) బట్టి మారిపోతుంది, ఆల్కలినిటీ తక్కువున్న నీళ్ళలో కొంచెం డోసుకే చేపలు చస్తాయి, ఆల్కలినిటీ బాగా ఎక్కువుండే బోరు నీళ్ళలో రాగి అడుగున పేరుకుపోయి పనిచెయ్యదు. నత్తలు, రొయ్యలు ఉన్న ట్యాంక్‌లో అయితే ఆలోచనే వద్దు.

షాపుల్లో ఎక్కువగా చేతిలో పెట్టే నీలం మందు మిథిలీన్ బ్లూ. ఇది గుడ్లకి ఫంగస్ పట్టకుండా వాడటానికి బాగుంటుంది, ఇక్ మీద బలహీనం. పైగా ఫిల్టర్‌లో అమోనియాని తినే మంచి బాక్టీరియాని దెబ్బతీస్తుంది, మొక్కల్ని పాడుచేస్తుంది, సిలికాన్ అతుకులన్నీ శాశ్వతంగా నీలం. విడిగా టబ్‌లో వాడుకోవచ్చు, మెయిన్ ట్యాంక్‌లో పొయ్యడానికి కారణం కనపడదు. టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి పోసే అలవాటైతే పూర్తిగా దండగ, యాంటీబయాటిక్ ఈ జీవిని చంపదు, ఫిల్టర్ బాక్టీరియాని చంపగలదు. చివర్లో మచ్చలు రాలిన చోట పుండు పడి బాక్టీరియా చేరితే అది వేరే విషయం. వెల్లుల్లి, పసుపు కూడా చెప్తుంటారు, వెల్లుల్లి వాసనకి చేప కాస్త మేత తింటుందేమో, నీళ్ళలో ఉన్న వేల పిల్లల్ని అది ఆపుతుందని నమ్మి కూర్చుంటే టైమ్ పోతుంది.

మందుల కంటే తక్కువ పేరొచ్చినా వాటికి ఏమాత్రం తీసిపోనిది సైఫన్. టోమాంట్లు అడుగున చేరతాయి కదా, రోజూ గులకరాళ్ళలోకి గొట్టం దించి పావు వంతు నీళ్ళు లాగేస్తే మందు తాకని దశలో ఉన్నవాటిని బకెట్లోకి తోసేసినట్టే. తర్వాత పోసే నీళ్ళు అదే వేడిలో ఉండాలి, కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టినవి. మందు వేసే రోజుల్లో ముందు సైఫన్, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత మందు, ఈ వరస తప్పితే మందు బకెట్లో పోతుంది. మందే వద్దనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది, రెండు టబ్‌లు పెట్టుకుని రోజూ చేపని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం, ఖాళీ అయినదాన్ని కడిగి ఎండలో ఆరబెట్టడం. చేప మీద నుంచి రాలినవి చాలావరకు పిల్లల్ని పెట్టేలోపే చేప అక్కడ ఉండదు. ఒకటీ రెండు చేపలైతే, నీళ్ళు 25 డిగ్రీల పైన ఉంటే, వారం పది రోజుల్లో శుభ్రంగా వదిలిపోతుంది, ఓపిక ఒక్కటే ఖర్చు. ఆ లోపు చేపల్లేని మెయిన్ ట్యాంక్ వెచ్చగా రెండు వారాలు ఖాళీగా ఉంటే అందులో ఉన్నవి వాటంతటవే పోతాయి. ఒక్క చేప కూడా మిగలకూడదు, ఆ సకర్ ఫిష్‌కి ఏమీ కాలేదు కదా అని దాన్ని వదిలేస్తే అదే దాస్తుంది. మచ్చలున్న ఒక్క చేపనే విడిగా పెట్టి మిగతావాటిని అలాగే ఉంచడం కూడా ఇదే కారణానికి పనికిరాదు, ట్యాంక్ అంతా ట్రీట్ అవ్వాలి.

ఈ రోజుల్లో మేత సగానికి తగ్గించాలి. మందుకి ఫిల్టర్ బలహీనపడి ఉంటుంది, తినకుండా మిగిలిన మేత అమోనియా అవుతుంది, మొప్పలు చెడిన చేపకి అమోనియా తోడైతే అంతే సంగతులు. ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద కడిగెయ్యడం, ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి రాళ్ళు ఉడకబెట్టడం లాంటి భారీ శుభ్రత చేపలు లోపల ఉండగా చెయ్యకూడదు, ఇక్ పోయినా మంచి బాక్టీరియా కూడా పోయి అమోనియా పెరిగే కొత్త ట్యాంక్ కష్టాలు మొదలవుతాయి.

గడువు పూర్తయ్యాక రెండు మూడు విడతలుగా నీళ్ళు మార్చుకుంటూ ఉప్పు, మందు దించెయ్యాలి, కార్బన్ మళ్ళీ పెట్టొచ్చు, రంగు దానితో పోతుంది. వేడి కూడా ఒక్కసారిగా దించకుండా రోజుకి ఒకటి రెండు డిగ్రీలు. తర్వాత కనీసం నెల దాకా కొత్త చేప వెయ్యకుండా ఉంటే ఏ మూలైనా మిగిలి ఉంటే ఈలోపు బయటపడుతుంది. వేసేటప్పుడు కూడా నేరుగా కాదు, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్, ఒక స్పాంజ్ ఫిల్టర్, చలికాలమైతే చిన్న హీటర్, వీటితో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి చూడాలి. ఆ టబ్‌కి నెట్ వేరే, మగ్గు వేరే, షాపు సంచిలో నీళ్ళు ట్యాంక్‌లో పొయ్యకూడదు. మొక్కలు, నత్తల మీద ఇక్ బతకదు గానీ వాటికి అతుక్కుని రావొచ్చు, వాటిని చేపల్లేని నీళ్ళలో ఓ పది రోజులు ఉంచితే చాలు. ట్యూబిఫెక్స్ పురుగులు, చెరువు నుంచి పట్టుకొచ్చిన దోమపిల్లలు మేతగా పెట్టేవాళ్ళు ఆ నీళ్ళు వంపేసి బాగా కడిగాకే వెయ్యాలి, లేదంటే గడ్డకట్టించి అమ్మేవి కొనుక్కోవడం మేలు.